చెమ్మ గోడకు వాల్‌పేపర్ మ్యూరల్ వేయించే ముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బరంపురంలో గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు. హాల్లో సోఫా వెనక 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గోడ, అదీ బయటి గోడ. నేల నుంచి అడుగున్నర దాకా పుట్టీ పొంగి రాలుతోంది. ఫోనులో తీసిన మహేంద్రగిరి పొగమంచు కొండల ఫొటో గానీ, సవర గిరిజనుల బొమ్మలు గానీ గోడంతా మ్యూరల్‌గా వేయించాలని ఉంది. "వినైల్ (ప్లాస్టిక్ పొర ఉన్న వాల్‌పేపర్) వేసుకోండి, చెమ్మ పట్టదు" అని షాపులో అన్నారు. అది నిజమేనా, వానలు పోయేలోపు వేయించొచ్చా?

రెండింటికీ కాదనే చెప్పాలి. వినైల్ మీద నీళ్లు చిమ్మితే లోపలికి పోవు, పిల్లల చేతి మరకలు తుడిస్తే పోతాయి. షాపువాళ్ల మాట అంతవరకే నిజం. మీ గోడకు నీళ్లు ముందు నుంచి రావడం లేదు, వెనక నుంచి వస్తున్నాయి. ఇప్పుడు పుట్టీ గుండా గదిలోకి ఆరిపోతున్న తడికి వినైల్ మూత పెట్టినట్టవుతుంది. తడి కాగితం వెనకే నిలిచి, జిగురు మెత్తబడి, బూజు పడుతుంది. కొన్ని ఇళ్లలో వినైల్ మీద గులాబీ రంగు మచ్చలు కనబడతాయి, ఎంత తుడిచినా పోవు. అవి పైన పడిన మరకలు కావు. వెనక పెరిగిన బూజు వదిలిన రంగు వినైల్ పొరలోకి ఇంకి ముందుకు తేలినవి.

హాల్లో ఏసీ కూడా ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిని 26 డిగ్రీల దాకా చల్లార్చితే చాలు, అందులోని ఆవిరి నీరవుతుంది. సముద్రం దగ్గరున్న మన ఊళ్లో వానాకాలమంతా గాలి ఇంచుమించు అలాగే ఉంటుంది. ఏసీ 23లో, 24లో పెట్టిన గదిలో బయటి గోడ లోపలి ముఖం ఆ 26 కంటే చల్లబడుతుంది. ఇటుకల గుండా లోపలికి వచ్చే ఆవిరి సరిగ్గా వినైల్ వెనక్కి చేరి నీటి చుక్కలవుతుంది. అందుకే ఏసీ గదిలో బయటి గోడకు వినైల్ గానీ, పైన లామినేషన్ వేసిన కాగితం గానీ వద్దంటాను. గదుల మధ్య ఉన్న, చెమ్మ లేని లోపలి గోడకైతే ఈ బాధ లేదు, వేసుకోవచ్చు. మీకు అలాంటి గోడ ఒకటి ఖాళీగా ఉంటే మ్యూరల్ అక్కడికి మార్చడమే అన్నిటికన్నా చవకైన పరిష్కారం.

ఈ గోడే కావాలంటే ముందు పరీక్ష చేయండి. అడుగున్నర చదరం దళసరి ప్లాస్టిక్ షీట్లు నాలుగు కోసి, నేల నుంచి 1 అడుగు, 3 అడుగులు, 5 అడుగులు, 8 అడుగుల ఎత్తుల్లో పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. రెండు రోజులు అలా ఉంచండి. ప్లాస్టిక్ లోపలి వైపు, అంటే గోడను తాకే వైపు చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తోంది. పై వైపు పడితే అది గది గాలిలోని తేమ. కింది షీటు మాత్రమే చెమర్చితే నేల చెమ్మ. 8 అడుగుల దగ్గర కూడా చెమర్చితే సన్‌షేడు పగులు, పైకప్పు నీళ్లు, గోడలో పైపు, వీటిలో ఏదో ఒకటి. అది తేలకుండా ఒక్క రూపాయి కూడా కాగితం మీద పెట్టకండి.

మీరు చెప్పిన గుర్తులను బట్టి మీది నేల చెమ్మే అనిపిస్తోంది. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిన చోట్ల ఇంటి డీపీసీ పొర (నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే పొర) మట్టి కిందికి పోతుంది. బయట గోడకు ఆనించి పూల మడి కట్టినా, కాలువ పగిలినా ఇదే జరుగుతుంది. ముందు బయట చూసుకోండి, గోడకు ఆనిన మట్టిని డీపీసీ కంటే అర అడుగు కిందికి తీయించండి. ఆ తర్వాత లోపల, చెమ్మ గీత కంటే ఇంకో అడుగు పై దాకా పాత ప్లాస్టరు చెక్కించేయాలి. పైపైన పుట్టీ గీకి మళ్లీ పూస్తే చాలదు. ఆ ప్లాస్టరులో ఉప్పు పేరుకుని ఉంటుంది. నేల తడి ఆగిపోయినా, ఉప్పు గాలిలోని తేమను లాక్కుని వానాకాలం రాగానే గోడను మళ్లీ తడుపుతుంది. ఇటుకల మీది తెల్ల పొడిని పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి తిరిగి లోపలికే పోతుంది. రెండు మూడు వారాలు ఇటుకలను ఆరనిచ్చి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో, బస్తా సిమెంటుకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపి ప్లాస్టరు చేయించండి. ద్రావణం మోతాదు డబ్బా మీద కూడా ఒకసారి చూసుకోండి. వారం రోజులు నీళ్లు కొట్టాలి, ఆ పైన కనీసం నాలుగు వారాలు ఆరాలి. డీపీసీయే లేని పాత ఇళ్లకు నేలకు కాస్త పైన, 12 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బెజ్జాలు వేసి, తడిని పైకి ఎక్కనివ్వని సిలేన్ క్రీము ఎక్కించే పద్ధతి ఉంది, అది తెలిసినవాళ్లతోనే చేయించాలి. లోపలి వైపు మాత్రం ఏదో కోటింగు పూసి వదిలేసే పని పెట్టుకోకండి. దారి మూసుకుపోయిన తడి ఇంకా పైకి ఎక్కుతుంది. అడుగున్నర చెమ్మ మూడడుగులైన ఇళ్లు అలా తయారైనవే.

ఇంత చేసినా, కింది మూడు అడుగులు మ్యూరల్ లేకుండా వదిలేయమనే నా సలహా. సోఫా వీపు ఇంచుమించు మూడడుగులు ఉంటుంది, కింద ఎంత మంచి బొమ్మ వేసినా కనబడేది సోఫాయే. మూడడుగుల ఎత్తున ఒకటిన్నర అంగుళం పీవీసీ బీడింగు కొట్టించి, కింది భాగానికి గాలి ఆడే సున్నపు రంగు వేయించండి. ఎమల్షన్ వద్దు. తడి మిగిలి ఉంటే అక్కడే ఆరిపోతుంది, ఒకవేళ పొంగినా సున్నం మళ్లీ కొట్టుకోవడం నిమిషాల పని. ఇల్లు తుడిచే తడిగుడ్డ కూడా కాగితాన్ని తాకదు. పై 7 అడుగులకే మ్యూరల్ వేస్తే ఖర్చూ తగ్గుతుంది. ఇక్కడి నుంచి లెక్కలన్నీ 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుకే ఇస్తున్నాను.

నెలల సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. అక్టోబరు కూడా నమ్మడానికి లేదు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ పలాస వైపు దాటింది అక్టోబరు 11న. గాలితో కొట్టే వాన బయటి గోడలోకి ఎక్కితే ఆరడానికి వారాలు పడుతుంది. నవంబరులో పాత ప్లాస్టరు చెక్కించి, డిసెంబరులో కొత్త ప్లాస్టరు చేయించి, జనవరి చివర పుట్టీ, ప్రైమరు ముగించి, ఫిబ్రవరిలో మ్యూరల్ అంటించేలా చూసుకోండి.

కాగితం రకాల్లో మీకు సరిపడేది లామినేషన్ లేని నాన్ వోవెన్, అంటే నేయకుండా నారల్ని అదిమి చేసిన రకం. జిగురు గోడకే పూస్తారు. తడికి సాగదు, ఆరాక కుంచించుకోదు, ఆవిరిని కొంత బయటికి వదులుతుంది. మామూలు కాగితం రకానికి జిగురు కాగితం వెనక పూసి, మడిచి కొన్ని నిమిషాలు నాననివ్వాలి. నానే కొద్దీ అది వెడల్పుగా సాగుతుంది. ఒక ముక్క అయిదు నిమిషాలు, ఇంకోటి పది నిమిషాలు నానితే బొమ్మ అతుకుల దగ్గర కలవదు. స్టిక్కర్ రకం అద్దె ఇంట్లో ఒక చిన్న గోడకు పనికొస్తుంది. పుట్టీ గోడ మీద అంచులు లేస్తాయి, 7 అడుగుల ముక్కను ఒక్కరే పట్టుకుంటే తనకు తానే అంటుకుపోతుంది. ఇంకు విషయంలో లేటెక్స్ ప్రింటుకు వాసన తక్కువ. ఎకో సాల్వెంట్ అయితే కొన్ని రోజులు గదిలో వాసన ఉంటుంది, పడకగదికి అడగకండి.

ఇక బొమ్మ. మ్యూరల్‌కు గోడ కొలత కంటే ప్రతి వైపు 2 అంగుళాలు ఎక్కువ ప్రింటు చేయిస్తారు కాబట్టి మీ బొమ్మ కొలత 148 అంగుళాల వెడల్పు, 88 అంగుళాల ఎత్తు. విస్తీర్ణం సుమారు 90 చదరపు అడుగులు. గోడ పూర్తి ఎత్తుకు వేస్తే అది 127 అయ్యేది. 12 మెగాపిక్సెల్ ఫోను ఫొటోలో అడ్డంగా 4000 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. 148 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 27 చుక్కలు. ఆరడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు 75 నుంచి 100 దాకా ఉంటే బాగుంటుంది. అలాగని మీ ఫొటో పనికిరాదని కాదు. మంచు, మబ్బు, దూరపు కొండల వరసలు ఎలాగూ మెత్తగానే ఉంటాయి, వాటిని పెద్దవి చేసినా కన్ను పట్టదు. పట్టేది ముందున్న చెట్ల ఆకులు, గడ్డి, మనుషుల ముఖాలు. కింది భాగంలో చెట్లుంటే ఆ మేరకు కత్తిరించేయండి. ఫొటో 4కు 3 కొలతలో ఉంటే మీ గోడ ఆకారానికి సరిపెట్టడానికి ఎత్తులో అయిదో వంతు ఎలాగూ పోతుంది, పోయేది ఆ చెట్లే అయితే మంచిది. వాట్సాప్‌లో పంపిన ఫొటో ఇవ్వకండి, అది చుక్కల్ని సగానికి పైగా తినేస్తుంది. ఫోను నుంచి అసలు ఫైలే తీసి పెన్‌డ్రైవులో ఇవ్వండి.

సవర బొమ్మల్లో చిక్కు వేరు. ఎర్రమట్టి రంగు నేల మీద తెల్లటి సన్న గీతలు. ఇలాంటివి ఫొటోగా కాకుండా వెక్టర్ ఫైలుగా (బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా దాచే ఫైలు) గీయిస్తే ఎంత పెద్దగా ప్రింటు చేసినా గీత చెదరదు. కానీ ముదురు రంగు ఏకంగా పరుచుకున్న బొమ్మలో ప్రతి అతుకూ, గోడలో ప్రతి ఎత్తుపల్లమూ కనబడతాయి. కాగితం మధ్య పొర తెల్లగా ఉంటుంది కాబట్టి కోసిన చోట తెల్ల గీత తేలుతుంది. మంచు కొండల్లో ఈ బాధ లేదు. నన్నడిగితే సవర బొమ్మలు కావాలనుకుంటే ప్రింటు మాట మానేసి, రాయగడ, గజపతి వైపు గీసేవాళ్లను పిలిపించి జేగురు రంగు గోడ మీద నేరుగా వేయించుకోవడమే మేలు. ఇడితాల్ అని పిలిచే ఆ సవర బొమ్మ పుట్టిందే గోడ మీద. నెట్‌లో దొరికిన ఎవరి బొమ్మనో దించి ప్రింటు చేయించడం ఎలాగూ సరికాదు.

ఏ బొమ్మైనా ముఖ్యమైన భాగం నేల నుంచి నాలుగున్నర, ఆరు అడుగుల మధ్య పడేలా చూసుకోండి. స్విచ్‌బోర్డు, ఏసీ యూనిట్ ఎక్కడొస్తాయో కాగితం మీద కొలతలతో గీసి ప్రింటర్లకు ఇవ్వండి, శిఖరం మీద స్విచ్‌బోర్డు కూర్చుంటే బాగోదు. ఫోను తెరలో కనిపించే నీలం ప్రింటులో అలాగే రాదు. అసలు కాగితం మీదే ఒక అడుగు ముక్క ప్రింటు తీయించి, పగలు ఒకసారి, రాత్రి ఎల్‌ఈడీ వెలుతురులో ఒకసారి మీ గోడ మీదే పెట్టి చూడండి. దీనికి కొంత డబ్బు అడిగినా ఇవ్వండి.

కొలతలు గోడ పైన, మధ్యన, కింద మూడు చోట్ల తీసి, పెద్దది రాసుకోండి. ఎత్తు కూడా అంతే. 54 అంగుళాల రోలు మీద అయితే మీకు మూడు ముక్కలొస్తాయి: ఒక్కొక్కటి 50 అంగుళాలు, పక్క ముక్క మీద ఒక అంగుళం బొమ్మ మళ్లీ వచ్చేలా. 42 అంగుళాల రోలైతే నాలుగు ముక్కలు, మూడు అతుకులు. మూడు ముక్కలే అడగండి. అన్నీ ఒకే రోలు మీద, ఒకే మిషను మీద, ఒకే రోజు ప్రింటు చేయాలని బిల్లు మీద రాయించుకోండి. లేకపోతే ఒక ముక్క ఆకాశం ఒక నీలం, పక్కది ఇంకో నీలం వస్తుంది. భువనేశ్వరో, విశాఖపట్నమో, హైదరాబాదో, ఎక్కడ చేయించినా గొట్టంలో చుట్టి పంపమనండి, మడత పడితే ఆ గీత పోదు. రేటు చదరపు అడుగుకు చెబుతారు. అందులో జిగురు, అంటించే కూలీ, ప్రైమరు ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

గోడ తయారీలో అడుగున సున్నం, పొడి డిస్టెంపరు ఉంటే పూర్తిగా గీకేయాలి. అరచేత్తో రుద్దితే పొడి అంటుకునే గోడకు జిగురు ఆ పొడినే పట్టుకుంటుంది, కాగితం ఆరి బిగిసినప్పుడు పొడితో సహా ఊడి వస్తుంది. తెల్ల సిమెంటు పుట్టీ రెండు పల్చటి పూతలు చాలు. ఆరాక 180 నంబరు, తర్వాత 320 నంబరు ఎమరీ కాగితంతో రుద్దండి. రాత్రి లైట్లు ఆర్పి టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వేస్తే ఎత్తుపల్లాలన్నీ నీడలుగా కనబడతాయి. పైన కోవ్ లైట్లు (సీలింగు అంచున దాచి పెట్టే లైట్లు) పెట్టాలనుకుంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. దుమ్ము తుడిచి నీటి రకం అక్రిలిక్ ప్రైమరు వేసి రెండు రోజులు ఆరనివ్వండి. ఆయిల్ ప్రైమరు వేస్తే తర్వాత కాగితం సులువుగా ఊడుతుందని కొందరు పనివాళ్లు అంటారు, అది నిజమే, కానీ వెనక చెమ్మ అనుమానం ఉన్న గోడకు అది పొక్కులు తెస్తుంది. ప్రైమరు మీద సెలోటేపు గట్టిగా అంటించి చటుక్కున లాగండి. పుట్టీ టేపుకు వస్తే గోడ ఇంకా సిద్ధం కాలేదు.

జిగురు నాన్ వోవెన్‌కు తగినదని రాసి, బూజు మందు కలిసిన పొడి తీసుకోండి. చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల కలిపిన జిగురు పడుతుంది. మీ గోడ 8 చదరపు మీటర్లకు కాస్త లోపే కాబట్టి రెండున్నర లీటర్లు కలిపితే సరిపోతుంది. నీళ్లు కదుపుతూ పొడి చల్లాలి, పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. మైదా ఉడికించిన జిగురు మన వాతావరణానికి పనికిరాదు, పురుగూ బూజూ రెంటికీ అది తిండి. కొందరు పనివాళ్లు గట్టిగా పట్టాలని తెల్ల ఫెవికాల్ దండిగా కలుపుతారు. పడుతుంది నిజమే, తీసేటప్పుడు పుట్టీతో సహా వస్తుంది.

అంటించే రోజు మెయిన్ దగ్గర ఆ గది ఎంసీబీ ఆపి స్విచ్ ప్లేట్లు విప్పండి. జిగురు కలపకముందే మూడు ముక్కలూ నేల మీద వరసగా పరచి బొమ్మ, రంగు సరిచూసుకోండి. కోసాక వెనక్కి తీసుకోరు. గోడ మూల నిలువుగా ఉంటుందని నమ్మకండి. ఎడమ మూల నుంచి 48 అంగుళాల దగ్గర తూకం గుండుతోనో లేజరుతోనో నిలువు గీత గీయండి. మొదటి ముక్క కుడి అంచు ఆ గీత మీద నిలబడితే, ఎడమ వైపు 2 అంగుళాలు పక్క గోడ మీదికి పోతాయి. మూల ఎంత వంకరున్నా ఆ రెండంగుళాలు కాచుకుంటాయి. అతుకులు మూల నుంచి 47, 48 అంగుళాల మధ్య ఒకటి, 96, 97 మధ్య ఒకటి వస్తాయి. ఆ రెండు చోట్లా ముందు రోజే రెండంగుళాల పట్టీలా, బొమ్మలో అక్కడుండే రంగుకు దగ్గరి ఎమల్షన్ పూసి ఉంచండి. అతుకు వెంట్రుక వాసి తెరుచుకున్నా తెల్ల గోడ కనబడదు.

జిగురును 9 అంగుళాల రోలరుతో, ముక్క వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువ మేర పూయాలి. అంచుల్లో, మూలల్లో రెండంగుళాల బ్రష్షుతో. ఒక ముక్క అంటించాకే పక్క ముక్క చోటుకు పూయండి. ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు స్టూలు మీద పైన పట్టుకుంటే, ఇంకొకరు కింద బరువు మోస్తారు. పై అంచు 2 అంగుళాలు సీలింగు మీదికి వదిలి, మధ్య నుంచి పక్కలకు, పై నుంచి కిందికి ప్లాస్టిక్ స్మూదర్‌తో గాలి తోయండి. లామినేషన్ లేని ప్రింటు గీరుకుపోతుంది కాబట్టి స్మూదర్‌కు మెత్తటి గుడ్డ చుట్టాలి. రెండో ముక్కను పై నుంచి కలుపుకు రావడం అందరూ చేసేదే. కంటి ఎత్తులో కొండ అంచు కలిసేలా పట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ సర్దడం మంచిది. ఎక్కడో మిల్లీమీటరు తేడా వస్తే అది సీలింగు దగ్గర పడనివ్వండి, మీ ముఖం ఎదురుగా కాదు.

ఒకదాని మీద ఒకటి వచ్చిన అంగుళం మధ్యలో స్టీలు స్కేలు గట్టిగా నొక్కి, కొత్త బ్లేడుతో రెండు పొరలూ ఒకే లాగుడులో కోయాలి. ఇక్కడే పని చెడుతుంది. మొద్దు బ్లేడు తడి కాగితాన్ని చింపుతుంది. మరీ నొక్కితే పుట్టీ కూడా కోసుకుపోయి, ఆరేటప్పుడు ఆ పుట్టీ పెచ్చుతో సహా అతుకు పైకి లేస్తుంది. ప్రతి కోతకు బ్లేడు ముక్క విరిచి కొత్త మొన తీసుకోండి. పైన తెగిన పట్టీ తీసి, అంచు ఎత్తి కింది పట్టీ లాగేసి, రెండు అంచుల్ని కలిపి వేలితో నెమ్మదిగా నొక్కండి. అతుకుల రోలరుతో గట్టిగా తొక్కితే జిగురంతా బయటికి వచ్చి అంచుకు పట్టు ఉండదు. బయటికొచ్చిన జిగురును తడి స్పాంజితో అప్పటికప్పుడు అద్దండి, ఆరితే మెరిసే మరక మిగులుతుంది. సీలింగు, బీడింగు దగ్గరి అదనపు కాగితాన్ని పావుగంట ఆగి కోస్తే అంచు చిరగదు.

ఫ్యాను, ఏసీ రెండు రోజులు వేయకండి, కిటికీలు మూసి ఉంచండి. త్వరగా ఆరాలని ఫ్యాను పెట్టేవాళ్లే ఎక్కువ, అతుకులు తెరుచుకునేదీ అందుకే. అంటించిన రోజు కనబడే చిన్న బుడగల్ని చూసి కంగారుపడి సూదితో పొడవకండి, చాలావరకు మర్నాటికి అవే అణిగిపోతాయి. మూడో రోజుకీ మిగిలినవాటికి ఇంజక్షను సిరంజితో కాస్త పల్చటి జిగురు ఎక్కించి నొక్కితే చాలు. అతుకు దగ్గర తెల్ల గీత తేలితే అదే రంగు అక్రిలిక్ పెయింటును సన్నటి కుంచెతో అంచుకు మాత్రమే అద్దండి, బొమ్మ మీదికి పోనివ్వకండి. వారానికో, నెలకో ఒకే చోట మళ్లీ మళ్లీ పొంగుతుంటే అది జిగురు తప్పు కాదు. అక్కడ ప్లాస్టిక్ షీటు పరీక్ష మళ్లీ చేయాలి.

కోసి తీసిన పట్టీలు, ముఖ్యంగా కింద 2 అంగుళాల ముక్కలు, పారేయకుండా చుట్టి ఉంచండి. స్విచ్‌బోర్డు మార్చినప్పుడో, మేకు దిగినప్పుడో అతుకు వేయడానికి అదే రోలు కాగితం మళ్లీ దొరకదు. ప్రింటర్ల దగ్గరున్న అసలు ఫైలు కూడా అడిగి తీసుకోండి, ఏ ముక్క ఎక్కడ మొదలవుతుందో ఆ కొలతల చీటీతో పాటు.